బదిలీ దరఖాస్తుకు ప్రతినాయకుడు కావలెను

మంచి కథ రాయడం చేతకాని ఉద్యోగికి కష్టాలు పడే అర్హత లేదని మా బదిలీల శాఖ బాగా ఆలోచించి నిర్ణయించింది. ఈ నిర్ణయాన్ని కొందరు విమర్శిస్తున్నారు. వాళ్ళంతా ఆ శాఖ గడప తొక్కనివాళ్ళు. తొక్కినవాళ్ళకు విమర్శించే ఓపిక మిగలదు.

ఈ సంస్కరణ ఘనత ఇప్పటి కమిషనరు గారిది. పూర్వం ఆయన బల్ల మీదికి వచ్చే దరఖాస్తులన్నీ ఒకే మూసలో ఉండేవి. తల్లికి ఒంట్లో బాగాలేదు, తండ్రికి చూపు ఆనదు, భార్యకు నెలలు నిండాయి, కాబట్టి ఇంటి దగ్గరికి బదిలీ చేయగలరు. ఏళ్ళ తరబడి అవే తల్లులు, అవే తండ్రులు. ఆయన మాత్రం ఎంతకని చదువుతారు? ఒకరోజు చదువుతూ చదువుతూ దరఖాస్తు మీదే కునుకు తీశారు. (ఆ దరఖాస్తు అంచున కమిషనరు గారి చొంగ మరక ఉండడంతో, అది పైవారి ఆమోదమేమోనని కింది గుమాస్తాలు హడలిపోయి దాన్ని వెంటనే మంజూరు చేశారు. శాఖ చరిత్రలో అంత త్వరగా కదిలిన ఫైలు మరొకటి లేదు.) ఆ తర్వాత ఆయన ఎవరో చెబితే కథారచన శిక్షణ శిబిరానికి వెళ్ళారు. శనివారం వెళ్ళి సోమవారం వచ్చారు. వెళ్ళిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. కుర్చీలో కూర్చోకముందే ఉత్తర్వు జారీ చేశారు. ఇకపై బదిలీ కోరే ప్రతి దరఖాస్తూ ఉత్తమ కథారచన ప్రాథమిక సూత్రాలకు లోబడి ఉండాలి.

కష్టాన్ని చెప్పరాదు, చూపించాలి. విశేషణాలు వాడరాదు. పాత్రలు మూడుకు మించరాదు. ఎత్తుగడతోనే, అంటే మొదటి వాక్యంతోనే, అధికారిని కుర్చీకి కట్టిపడేయాలి. (అధికారి కుర్చీలో దొరకడమే గగనం కాబట్టి ఈ చివరి సూత్రాన్ని ఉద్యోగ సంఘాలు మనస్ఫూర్తిగా స్వాగతించాయి.)

దాంతో శాఖ రూపురేఖలే మారిపోయాయి. దరఖాస్తులు తీసుకునే ఇన్‌వర్డు సెక్షన్ ఎత్తుగడల విభాగమైంది. పాత ఫిర్యాదుల గదికి సంఘర్షణల గది అని బోర్డు తగిలించారు. అక్కడ కుర్చీలు మార్చనక్కర్లేకపోయింది. మూడో అంతస్తులో పాత్ర పరిణామాల సూపరింటెండెంటు, ఆ పైన ముగింపుల కమిటీ. లిఫ్టు రెండో అంతస్తు దాకానే వెళుతుంది. ఉత్కంఠ క్రమంగా పెరగాలన్న సూత్రం ప్రకారం మిగతాది మెట్లెక్కాలి.

ఇక మా అక్క సంగతి. అక్క నర్సు. కొండ మీది ఊళ్ళో ఆసుపత్రిలో పని. ఇల్లేమో ఇక్కడ, మధ్యలో రాత్రంతా బస్సు ప్రయాణం. బావ దుకాణాల బోర్డులు రాసేవాడు. మా వీధిలో మందుల షాపు దగ్గర్నుంచి సైకిల్ షాపు దాకా పేర్లన్నీ బావ చేతి రాతే. పోయిన ఏడాది ఒక బోర్డు సగంలో ఉండగా బావకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పూర్తిగా పడిపోయింది, మాట ముద్దయింది. పగలు పక్కింటి పిన్ని చూసుకుంటుంది, సాయంత్రం నుంచి నేను చూసుకుంటాను. అక్క సెలవు దొరికినప్పుడు వచ్చి, పక్క దులిపి, బావ ఒళ్ళు తుడిచి, నన్నూ పిన్నినీ కలిపి నాలుగు చీవాట్లు పెట్టి వెళుతుంది. అక్కడ వార్డులో ఊరూ పేరూ తెలియని రోగులను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పే మనిషి. ఇక్కడ సొంత మొగుణ్ణి తిప్పేవాళ్ళకు ఆ పని చేతకాదు. మా వీధి చివరే ఇంకో ఆసుపత్రి ఉంది. అక్కడికి బదిలీ అయితే చాలు, మధ్యాహ్నం ఇంటికొచ్చి తిప్పి వెళ్ళొచ్చు. అక్క అడిగింది అంతే.

మొదటి దరఖాస్తు రెండే వాక్యాలు. ‘నా భర్తకు పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు. ఆయన్ను చూసుకోవడానికి మా ఇంటి దగ్గరి ఆసుపత్రికి బదిలీ చేయవలసిందిగా కోరుతున్నాను.’ జీవితమంతా కేసు షీట్లు రాసిన మనిషి కదా, అంతకు మించి ఏం రాయాలో తోచలేదు. కొన్నాళ్ళకు ఆ కాగితం తిరిగొచ్చింది. అంచున ఎర్ర సిరాతో ఒక వ్యాఖ్య ఉంది. ‘చెప్పారు. చూపించలేదు.’

అక్క దాన్ని తెచ్చి నా ముందు పడేసింది.

“చూపించడమంటే ఏంట్రా? మీ బావని మంచంతో సహా మోసుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టాలా?”

“అలా కాదక్కా. బాధ అని నోటితో అనకూడదు. చదివేవాడి కళ్ళకు కట్టాలి.”

“బాధ అన్న మాట నేనెక్కడ రాశాను?”

నిజమే, ఎక్కడా రాయలేదు. కాని నాకు అప్పటికే ఉత్సాహం వచ్చేసింది. నేను కథలు రాస్తాను. వారపత్రికల్లో కొన్ని వచ్చాయి, మిగతావి వస్తాయి. పొట్టకూటికి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. నా విద్యతో పనిపడి మా ఇంట్లో ఒక మనిషి నా దగ్గరికి రావడం అదే మొదటిసారి. పక్కగదిలో బావ మూలుగుతున్నా నేను లోలోపల మురిసిపోయాను.

కూర్చుని ఎత్తుగడ రాశాను. ‘సగం రాసిన బోర్డు మీద చివరి అక్షరం ఇంకా తడిగానే ఉంది.’

అక్క చదివింది. “తడేంటి? ఆయన పడిపోయి ఎన్నాళ్ళయింది? ఈపాటికి ఏ పెయింటైనా ఆరిపోదా?”

“ఆరితే పాఠకుడు లోపలికి రాడక్కా.”

“పాఠకుడు రానక్కర్లేదురా. ఆర్డరు వస్తే చాలు.”

సరే, ఇద్దరం కలిసి వెళ్ళాం. గేటు దగ్గర వాచ్‌మన్ మా సంచీ వెతకలేదు. “ఎత్తుగడ ఉందా? చూపించండి,” అన్నాడు. చదివి, తల ఊపి, “పరవాలేదు, పోండి,” అన్నాడు. మా వెనకాయన ‘గౌరవనీయులైన కమిషనరు గారికి’ అని మొదలుపెట్టినందుకు బయటే ఆగిపోయాడు.

లోపల క్యూ మెట్ల దాకా ఉంది. మా ముందు ఒక గుమాస్తా. ఆయన కన్నతండ్రికీ, పిల్లనిచ్చిన మామకూ ఒకే వారంలో తుంటి ఎముక విరిగిందట. రెండు విరగడం యాదృచ్ఛికంగా ఉంది, ఒకరిని తీసేయండి అని వెనక్కి పంపారు. ఆయన భార్యకు ఫోన్ చేసి ఏ నాన్నను ఉంచమంటావని అడుగుతున్నాడు. అవతలి నుంచి వచ్చిన జవాబు క్యూ మొత్తానికీ వినిపించింది. ఆయన పక్కన ఒక టీచరమ్మ తన నలుగురు పిల్లలను కలిపి ఒకే పిల్లవాడిగా మారుస్తోంది. పాత్రల పరిమితి దాటిందట. ఆ కొత్త పిల్లవాడికి దగ్గు, చెవిపోటు, లెక్కల భయం, పక్క తడిపే అలవాటు, అన్నీ వచ్చాయి.

“ఇంతకీ ఎవరికైనా బదిలీ వచ్చిందా?” అని అక్క అడిగింది.

“కమిషనరు గారి బావమరిదికి వచ్చిందండీ,” అన్నాడు గుమాస్తా.

“ఆయన కథ అంత బాగుందా?”

“కథేం రాయలేదు. ఫోన్ చేశారు.”

(ఫోన్లు సూత్రాల పరిధిలోకి రావు. వాటికి కథాశిల్పం అవసరం లేదు.)

ఎత్తుగడల విభాగంలో ఒక కుర్ర అధికారి మా కాగితం తీసుకున్నాడు. చెవి మీద పెన్సిలు, మొహం మీద దయ. చదివి నాలుక చప్పరించాడు.

“నర్సు భర్తకే జబ్బు వచ్చిందా? పైగా బోర్డులు రాసేవాడికి కుడి చెయ్యే పడిపోయిందా? మరీ అతికించినట్టుందండీ.”

“అలాగే జరిగింది బాబూ,” అంది అక్క.

“జీవితంలో జరగొచ్చమ్మా, నేను కాదనను. కాని ఇది దరఖాస్తు.” కాస్త ఆలోచించి అతనే ఉపాయం చెప్పాడు. “ఎడమ చెయ్యి చేసేయండి. నమ్మేట్టుంటుంది.”

ఇంటికొచ్చి బావకు సంగతి చెప్పాను. బావ తన మంచి చెయ్యి, అంటే ఎడమది, దుప్పట్లోంచి తీసి కళ్ళముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“అయితే... ఇదీ... పోయినట్టేనా?” అన్నాడు ముద్దగా. తర్వాత సగం మూతితో నవ్వాడు. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు. దుప్పటి సర్ది వంటగదిలోకి వెళ్ళిపోయింది.

పాత్రల పరిమితి వల్ల పిన్నిని తొలగించాల్సి వచ్చింది. ఈ మాట ఆమెకు ఎవరు చేరవేశారో తెలియదు గాని, కొంగు బొడ్లో దోపుకుని వచ్చింది.

“ముద్ద కలిపి పెట్టేది నేను, బట్టలు మార్చేది నేను, కథలో మాత్రం నేను లేనా? రేపట్నుంచి మీ కథనే వచ్చి తినిపించమను.”

అక్క ఆమె గడ్డం పట్టుకుని బతిమాలింది. బదిలీ వచ్చాక వేరే కథ రాసి అందులో పిన్నిని నాయికగా పెడతానని నేను మాటిచ్చాను. ఆమె శాంతించలేదు గాని, మర్నాడు వచ్చి తినిపించింది.

తరవాతిసారి సంఘర్షణల గది. అక్కడి అధికారిణి చాలా మర్యాదస్తురాలు. ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మీ ప్రతినాయకుడు ఎవరని అడుగుతుంది.

“జబ్బండీ,” అంది అక్క.

“జబ్బు పనికిరాదమ్మా. దానికి మొహం ఉండదు. మనిషి కావాలి. అత్తగారున్నారా?”

“పోయారు.”

“అయ్యో. ఆడపడుచులు?”

“లేరు.”

“మరి మీరు బదిలీ అయి ఇంటికి రాకుండా ఎవరు అడ్డుపడుతున్నారు?”

అక్క ఒక్క క్షణం ఆలోచించింది. “మీరేనండీ.”

అధికారిణి చిరునవ్వు చెదరకుండా గోడ మీది సూత్రం చూపించింది. శాఖను గాని, శాఖ సిబ్బందిని గాని ప్రతినాయకులుగా చిత్రించరాదు. అటువంటి దరఖాస్తులు ప్రచారసాహిత్యంగా పరిగణించబడును.

గదిలో మనుషులెవరున్నారా అని ఆమె చూపు తిరిగి తిరిగి నా మీద ఆగింది. “వీరెవరు?”

“మా తమ్ముడండీ.”

“తమ్ముడు,” అంది ఆమె ఆప్యాయంగా. “తమ్ముడు బాగుంటుంది.”

ఆ విధంగా నేను ప్రతినాయకుణ్ణయ్యాను. మంచంలో ఉన్న బావను గాలికొదిలేసి ఊరు పట్టుకు తిరిగే సోమరిని. ఆ భాగం నన్నే రాయమంటుందేమో, ఎలా రాయాలా అని నేను గింజుకుంటుంటే అక్క కలం లాక్కుని గబగబా పేరా మొత్తం రాసేసింది. ఎక్కడా కొట్టివేత లేదు. ‘పిలిస్తే పలకడు. పలికితే లేవడు. లేస్తే పుస్తకం తీసుకుని మళ్ళీ పడుకుంటాడు.’ ఇంతకాలం కేసు షీట్లు తప్ప ఏమీ రాయని మనిషికి అంత ధారాళంగా ఎలా వచ్చిందో నేను అడగలేదు. అధికారిణి మాత్రం ఆ పేరా పక్కన ‘సహజంగా ఉంది’ అని రాసింది.

అటుపైన పాత్ర పరిణామాల సూపరింటెండెంటు. ఆయన అభ్యంతరం న్యాయమైనదే. అక్క మొదటి పేజీలో బదిలీ కోరుతోంది, చివరి పేజీలోనూ బదిలీయే కోరుతోంది. ఇక ఎదుగుదల ఏముంది?

“పోనీ, రోగి పరిస్థితి ఎలా ఉంది?” అని అడిగాడు ఆశగా.

“నిలకడగా ఉందండీ,” అంది అక్క. వార్డులో రోజూ అనే మాట, అలవాటుగా వచ్చేసింది.

సూపరింటెండెంటు కాగితం కింద పెట్టేశాడు. “నిలకడగా ఉంటే కథెక్కడుందమ్మా? కదలాలి. మొదట ఉన్నదానికంటే తర్వాత క్షీణించాలి. అప్పుడు రండి.”

మళ్ళీ వెళ్ళడానికి ఎంతోకాలం పట్టలేదు. అక్కకు సెలవు దొరకని నెల అది. బావ నడుము కింద చర్మం ఎర్రబడిందని పిన్ని చెబితే పౌడరు రాయమన్నాను. అక్క వచ్చి చూసేసరికి పుండు పడింది. చీమిడిముక్కు పిల్లాడిలా ఏడ్చాను నేను. అక్క ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. చేతులు కడుక్కుని, దూదీ మందూ తీసుకుని, బావను పక్కకు తిప్పి, పుండు శుభ్రం చేసి కట్టు కట్టింది. తన వార్డులో ఏ రోగికీ ఇంతవరకు పుండు పడనివ్వలేదని మాత్రం అంది. అంత నిదానంగా అనకపోతే బాగుండుననిపించింది నాకు.

సూపరింటెండెంటు సవరించిన ప్రతి చదివి లేచి నిలబడ్డాడు.

“ఇప్పుడు కదులుతోంది,” అని అక్కకు చెయ్యి కలిపాడు. ఫైలు ఆ సాయంత్రమే పై అంతస్తుకు వెళ్ళింది.

ముగింపుల కమిటీ మమ్మల్ని పిలిపించింది. పొడవాటి బల్ల, చుట్టూ సభ్యులు, మధ్యలో కమిషనరు గారు. దరఖాస్తును ఆయనే స్వయంగా పైకి చదివి వినిపించారట. మేం లోపలికి వెళ్ళేసరికి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఒకరిద్దరు సభ్యుల ముక్కులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“అమ్మా, నా సర్వీసులో ఇటువంటి దరఖాస్తు చదవలేదు,” అన్నారు కమిషనరు గారు. “కట్టు కట్టే ఘట్టం దగ్గర నాకు మాట రాలేదు. ఒక్క విశేషణం లేదు. తమ్ముడి పాత్ర మీద అసహ్యం పుట్టింది.” ఆయన నన్ను చూసి, “మీరెవరు?” అన్నారు.

“బంధువునండీ,” అన్నాను.

“థాంక్సండీ,” అంది అక్క. “ఆర్డరు ఎప్పుడిస్తారు?”

కమిషనరు గారి మొహంలో నొప్పి కనిపించింది. నటన కాదు. ఆయన నిజంగానే బాధపడ్డారు.

“అక్కడే వచ్చింది చిక్కు. పాత్ర సమస్యను పాత్రే పరిష్కరించుకోవాలమ్మా. ఇంత దూరం నడిపించుకుని వచ్చి, చివర్లో ఎవడో అధికారి పైనుంచి ఊడిపడి ఒక్క సంతకంతో కష్టాలన్నీ తీర్చేశాడనుకోండి, అంతకంటే బలహీనమైన ముగింపు ఉంటుందా? మొత్తం చల్లారిపోదూ?”

“ఆ సంతకం పెట్టడమే కదండీ మీ ఉద్యోగం?”

“అందుకేనమ్మా నేను అంత జాగ్రత్తగా ఉండేది.”

“మరి మీరు ఎవరికీ బదిలీ ఇవ్వరా?”

ఈ ప్రశ్నకు కమిటీ కార్యదర్శి జవాబు చెప్పారు. శాఖ విధానం ఆయనకు కంఠస్థం. “నాసిరకం దరఖాస్తులను నాణ్యత లేక తిరస్కరిస్తామండీ. మంచివాటిని పాడుచేయడం ఇష్టంలేక మంజూరు చెయ్యం.”

గదిలో అందరూ ఒప్పుకోలుగా తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కంటే ఆ దరఖాస్తును పనిగట్టుకుని అంత బాగా చెక్కిన నా మీద ఎక్కువ మండింది. నోరు తెరిచానేమో, అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆయన్ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలండీ,” అంది కమిషనరు గారితో. “మీ ముగింపు బాగుండటం కోసం ఆయన్ని ఎవరు తిప్పుతారు?”

సభ్యుల్లో ఒకాయన ఆ వాక్యాన్ని రాసుకున్నారు.

మర్నాడు అక్క రాజీనామా రాసింది. ఒకే ఒక్క వాక్యం. నేను దిద్దలేదు. అంత ఇష్టపడి చదువుకున్న చదువు, అంత ఇష్టంగా చేసిన ఉద్యోగం. యూనిఫాం ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి అట్టపెట్టెలో పెడుతుంటే చూడలేక నేను వీధిలోకి వచ్చేశాను. ఇప్పుడు బావను తనే తిప్పుతోంది. పుండు మానుతోంది. అక్కకు మాత్రం వేళకు మెలకువ వచ్చేస్తుంది. లేచి, డ్యూటీకి వెళ్ళేదానిలా తల బిగించి దువ్వుకుని, వంటగది గుమ్మంలో కూర్చుంటుంది.

శాఖ అక్కను మరిచిపోలేదు. ఫైలు మూసేస్తూ కమిటీ రాసిన అభిప్రాయం నకలు పంపింది. ‘నాయిక తన సమస్యను తానే పరిష్కరించుకుంది. ముగింపు సంతృప్తికరం.’ ఆ దరఖాస్తును ఇకముందు వచ్చే దరఖాస్తుదారులకు నమూనాగా అచ్చువేయిస్తున్నారు కూడా. ప్రూఫులు మా అచ్చాఫీసుకే వచ్చాయి. దిద్దడానికి తప్పులేమీ దొరకలేదు.

కొండ మీది ఆసుపత్రిలో అక్క ఖాళీని శాఖ వారం తిరక్కుండా నింపింది. మా వీధి చివరి ఆసుపత్రి నుంచి ఒక నర్సును అక్కడికి పంపించారు. పాలుతాగే పిల్ల ఉన్న తల్లి, ఇల్లు ఇక్కడే. ఆమె బదిలీ అడగలేదు, దరఖాస్తూ పెట్టలేదు. ఉత్తర్వు పట్టుకుని అర్థం కాక మా అక్క దగ్గరికి వచ్చింది. కారణం అన్నచోట ఇలా ఉంది: ‘ఈమె జీవితంలో ఇంతవరకు సంఘర్షణ లేదు.’